ముగ్గురు కలిసి మామిడి గుజ్జు వ్యాపారం: భాగస్వామ్యమా, ఎల్ఎల్‌పీయా, కంపెనీయా?

మీరు అడిగినదాని సారాంశం ఇది. పాకాల దగ్గర మీ అత్తగారి పేరు మీద ఉన్న షెడ్డులో తోతాపురి గుజ్జు, సీసాల్లో రసం, సీజను మొదట్లో పచ్చిమామిడి పచ్చళ్ళు తయారు చేసి అమ్మాలని అనుకుంటున్నారు. పెట్టుబడిలో 5 లక్షలు మీవి, 15 లక్షలు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మీ మిత్రుడివి. మీ బావమరిది డబ్బు పెట్టడు గానీ, దామలచెరువు మండీలో కాయ కొనడం నుంచి షెడ్డు నడపడం వరకు అన్నీ అతనే చూసుకుంటాడు. లాభం ముగ్గురికీ సమానం. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే బ్యాంకులో గౌరవం ఉంటుందని ఒకరు, మామూలు భాగస్వామ్య పత్రం రాసుకుంటే చాలని మరొకరు చెప్పారు కనుక ఏది మేలో తేల్చమన్నారు.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్ళుగా చిన్న వ్యాపారాల లెక్కలు, రిజిస్ట్రేషన్లు చూస్తున్నాను. వచ్చినవారిలో ఎక్కువమంది మొదట అడిగేది పన్ను ఎందులో తక్కువ అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ముందు నేను రెండు ప్రశ్నలు వేస్తాను. వ్యాపారం దెబ్బ తిని అప్పు మిగిలితే అది ఎవరి ఇంటి గుమ్మం దాకా వస్తుంది? మీలో ఒకరు రేపు తప్పుకుంటానంటే అతనికి ఎంత ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో ఏ లెక్కతో తేలుస్తారు? ఈ రెండింటికీ ముగ్గురూ ఒకేచోట కూర్చుని జవాబు చెప్పుకోగలిగితే ఏ రూపం ఎంచుకోవాలో దానంతట అదే తేలిపోతుంది.

మొదటి ప్రశ్న మీ వ్యాపారానికి మరీ ముఖ్యం. తోతాపురి కాయ కొనుగోలు ప్రధానంగా జూన్, జూలై నెలల్లోనే జరిగిపోతుంది. దాన్ని గుజ్జు చేసి అమ్మిన డబ్బు మాత్రం ఏడాది పొడవునా చిన్నచిన్నగా చేతికి వస్తుంది. అంటే ప్రతి జూలై చివరికి రైతులకు, మండీకి, డబ్బాలూ సీసాలూ ఇచ్చినవారికి, బ్యాంకుకు మీరు బాకీ పడి ఉంటారు, సరుకేమో గోదాములో ఉంటుంది. 2025 సీజనులో మన జిల్లాల్లో ఏం జరిగిందో మీకు తెలుసు. కొనేవారు లేక ధర పడిపోతే ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని నిర్ణయించి, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలని, 4 రూపాయలు తాను ఇస్తానని ప్రకటించవలసి వచ్చింది. అటువంటి ఏడాది ఒకటి ఎప్పుడో ఒకసారి తగులుతుందనుకునే మీ సంస్థ రూపాన్ని నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు మామూలు భాగస్వామ్యం సంగతి చూద్దాం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ చేసిన ప్రతి అప్పుకూ భాగస్వాములందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు. విడివిడిగా అన్న మాటను చాలామంది పట్టించుకోరు. అప్పిచ్చినవాడు ముగ్గురిలో ఎవరి దగ్గర ఆస్తి ఉందో చూసుకుని మొత్తం సొమ్ము అతని దగ్గరే వసూలు చేసుకోవచ్చు; మిగిలిన ఇద్దరి దగ్గర తమ వంతు రాబట్టుకోవడం ఆ చెల్లించినవాడి తలనొప్పి. బెంగళూరులో ఫ్లాటు ఉండి, షెడ్డు మొహం ఏడాదికి రెండుసార్లు కూడా చూడని మీ మిత్రుడు, మీ బావమరిది మండీలో ఒక ఉదయం నోటిమాటతో కుదుర్చుకున్న కొనుగోలుకు తన ఫ్లాటుతో సహా జవాబు చెప్పుకోవలసి వస్తుంది, ఎందుకంటే వ్యాపార విషయాల్లో ప్రతి భాగస్వామీ సంస్థకు ఏజెంటే. పెట్టుబడి పెట్టి పక్కన కూర్చునే భాగస్వామికి బాధ్యత తక్కువ అన్న అభిప్రాయం పూర్తిగా పొరపాటు. ఈ సంగతి మీ మిత్రుడికి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం. మీరైనా ముందే చెప్పండి.

భాగస్వామ్య సంస్థను రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదని మీకు చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. కానీ రిజిస్టరు కాని సంస్థ, తనకు రావలసిన బాకీ కోసం బయటివారి మీద కోర్టులో దావా వేయలేదు. భాగస్వాములు ఒప్పందం ప్రకారం తమ హక్కుల కోసం ఒకరి మీద ఒకరు కూడా వేసుకోలేరు. అదే చట్టం 69వ సెక్షను ఈ మాట చెబుతుంది. బయటివారు మాత్రం మీ మీద నిక్షేపంగా వేయవచ్చు. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గరికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. టమాటా, మామిడి చెన్నైకి పంపేవారు. ఒక వ్యాపారి దగ్గర 9 లక్షల పైచిలుకు నిలిచిపోయింది. లారీ రసీదులు, అతను సంతకం చేసిన బిల్లులు, చెల్లని చెక్కు ఒకటి, అన్నీ ఒక పసుపు గుడ్డసంచిలో పెట్టి తెచ్చారు. స్టాంపు కాగితం మీద రాసుకున్న భాగస్వామ్య పత్రం కూడా అందులోనే ఉంది, రిజిస్ట్రేషను మాత్రం లేదు. ఆ వ్యాపారి వాయిదాలు చెబుతూ రెండున్నరేళ్ళు గడిపాడు, వీళ్ళు మొహమాటంతో ఊరుకున్నారు, చివరికి దావా వేస్తే అవతలి వకీలు మొదటి వాయిదాలోనే ఆ సెక్షను చూపించాడు. రిజిస్టరు చేయించుకుని మళ్ళీ కొత్తగా వేయవచ్చు గానీ సరుకు అమ్మిన సొమ్ముకు గడువు మూడేళ్ళే, అది ఈలోగా దాటిపోయింది. ఆ పత్రం రాసింది నేను కాదు. అయినా ఆ రోజు నుంచి రిజిస్టరు చేయించుకోమని ఒప్పించలేని భాగస్వామ్యానికి నేను లెక్కలు రాయడం మానుకున్నాను.

ఇంకో సంగతి. పత్రంలో వేరుగా రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, జీఎస్టీ, ఆహార లైసెన్సు అన్నీ ప్రశ్నార్థకమవుతాయి, వారసులు వాటా అడుగుతారు, సీజను మధ్యలో ఉంటే మరి చెప్పనక్కర్లేదు. అలాగే తప్పుకున్న భాగస్వామి ఊరికే ఇంటికి వెళ్ళిపోతే బాధ్యత పోదు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రారుకు తెలియజేసి, గెజిట్‌లోనూ, ఆ జిల్లాలో తిరిగే స్థానిక భాషా పత్రిక ఒకదానిలోనూ ప్రకటన ఇచ్చేవరకు, సంస్థ తరువాత చేసే అప్పులకు కూడా అతన్ని పట్టుకునే అవకాశం ఉంటుంది. ఇక్కడి దినపత్రికల వెనక పేజీల్లో 'ఇందుమూలముగా తెలియజేయునది' అంటూ వచ్చే చిన్న ప్రకటనల్లో కొన్ని ఇందుకోసం వేయించినవే.

సొంత పేరు మీద, అంటే ప్రొప్రయిటరుగా మొదలుపెట్టడం గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట చెప్పాలి. ఒక్కరే నడిపే చిన్న వ్యాపారానికి దానికి మించిన తేలిక పద్ధతి లేదు. పీఎంఈజీపీ వంటి సబ్సిడీ పథకంలో దరఖాస్తుదారు వ్యక్తి గానీ, స్వయం సహాయక బృందం, సొసైటీ, ట్రస్టు వంటిది గానీ కావాలి తప్ప భాగస్వామ్య సంస్థకూ కంపెనీకీ చోటు లేదు. అందుకని కొందరు ఒకరి పేరు మీద అప్పూ సబ్సిడీ తెచ్చి, తెరవెనుక ముగ్గురూ వాటాలు పంచుకుంటారు. ఇది మీరు చేయకండి. కాగితం మీద యజమాని ఒక్కడే అయినప్పుడు మిగిలిన ఇద్దరి డబ్బు చేబదులుతో సమానం, అతనికి ఏదైనా అయితే మీరు వారసుల దయ మీద ఆధారపడాలి. సబ్సిడీయే ప్రధానం అనుకుంటే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి, మీ పథకానికి ఏ రూపం అర్హమో అడిగిన తరువాతే దేన్నయినా రిజిస్టరు చేయించండి. తరువాత మార్చుకోవడం వీలయ్యే పనే గానీ, ప్రతి లైసెన్సూ మళ్ళీ కొత్త పేరు మీద తెచ్చుకోవాలి.

ఇక కంపెనీ. 2013 కంపెనీల చట్టం కింద ప్రైవేట్ లిమిటెడ్‌కు కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. కనీసం లక్ష రూపాయల మూలధనం ఉండాలన్న నిబంధన 2015లోనే పోయింది. ఒక్కరే ఉంటే ఏకవ్యక్తి కంపెనీ పెట్టుకోవచ్చు, అది మీకు అనవసరం. కంపెనీకి ఉన్న గొప్ప సౌకర్యం వాటాలు. రేపు బయటి పెట్టుబడిదారు వచ్చి 20 శాతం వాటాకు డబ్బు పెడతానంటే కంపెనీలో అది సులువు, మిగిలినవాటిలో ఇబ్బంది. మీరు నాలుగైదు ఏళ్ళలో అటువంటి పెట్టుబడి కోసం వెతుకుతామని చెబితే నా సలహా మారుతుంది.

అలా కాకుండా బ్యాంకు గౌరవం కోసమైతే కంపెనీ పెట్టకండి. మన ఊళ్ళ బ్యాంకు మేనేజర్లు కొత్త కంపెనీకి అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్లందరి వ్యక్తిగత హామీ సంతకాలు తీసుకుంటారు. కంపెనీ అప్పు మీ సొంత ఆస్తి దాకా రాకుండా కాపాడేదాన్ని పరిమిత బాధ్యత అంటారు. ఆ సంతకంతో బ్యాంకు అప్పు వరకు అది కాగితం మీదే మిగులుతుంది. దాని రక్షణ అసలు పనికొచ్చేది సరుకిచ్చినవారి బాకీలు, సరుకు పాడై ఎవరైనా నష్టపరిహారం అడగడం వంటి వాటికి. ఈ రక్షణ ఎల్ఎల్‌పీలోనూ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యంలోనూ ఉంది.

కంపెనీతో వచ్చే చాకిరీ మాత్రం ప్రకటనల్లో కనిపించదు. కొద్ది వేలకే కంపెనీ పెట్టిస్తామన్న ప్రకటన మీరూ చూసే ఉంటారు. అది పుట్టించే ఖర్చు మాత్రమే, పెంచే ఖర్చు వేరే. పెట్టిన 30 రోజుల్లో ఆడిటరును నియమించాలి. వాటాల సొమ్ము ఖాతాలో పడిందని, వ్యాపారం మొదలుపెడుతున్నామని 180 రోజుల్లో తెలియజేయాలి. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ జరగాలి, బోర్డు సమావేశాల మినిట్సు రాయాలి, వార్షిక లెక్కలకు ఒకటి, వార్షిక రిటర్నుకు ఒకటి ఫారాలు వేయాలి, ఆలస్యమైతే ఒక్కొక్క ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. కంపెనీ డబ్బును డైరెక్టరు తన అవసరానికి తీసుకోవడం, బయటి మిత్రుల దగ్గర కంపెనీ అప్పు తీసుకోవడం, రెండింటికీ గట్టి ఆంక్షలున్నాయి. మీ బావమరిది గల్లాపెట్టెలోంచి ఇంటి ఖర్చుకు తీసుకుని తరువాత లెక్కలో రాసే మనిషైతే, కంపెనీలో ప్రతి మార్చి నెలా మీ ఆడిటరుకు శివరాత్రే.

పన్ను సంగతికి వస్తాను. వడ్డీలు, జీతాలు తీయక ముందు మీ వ్యాపారానికి ఏడాదికి 12 లక్షల లాభం వచ్చిందనుకోండి. భాగస్వామ్య సంస్థకైనా ఎల్ఎల్‌పీకైనా పన్ను రేటు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. వినడానికి ఎక్కువే. అయితే భాగస్వాముల 20 లక్షల మీద 12 శాతం వరకు వడ్డీని ఖర్చుగా చూపవచ్చు, అది 2.40 లక్షలు. మిగిలిన 9.60 లక్షల్లో మొదటి 6 లక్షల మీద 90 శాతం, ఆపైన 60 శాతం చొప్పున పని చేసే భాగస్వాములకు జీతంగా ఇవ్వవచ్చు, అది 7.56 లక్షలు. సంస్థకు పన్ను పడేది మిగిలిన 2.04 లక్షల మీదే, సుమారు 63,600 రూపాయలు. పని చేసే మీకూ మీ బావమరిదికీ చెరి సగంగా వచ్చే 3.78 లక్షల జీతాలు, మీ 60 వేల వడ్డీ కలిపినా, వేరే పెద్ద ఆదాయం లేకపోతే కొత్త విధానంలో 12 లక్షల లోపే కనుక పన్ను లేదు. మీ మిత్రుడు మాత్రం ఉద్యోగం వల్ల 30 శాతం శ్లాబులో ఉంటే తన 1.80 లక్షల వడ్డీ మీద సుమారు 56,200 కట్టాలి. మొత్తం 1,19,800. పన్ను పోగా సంస్థలో మిగిలిన లాభం వాటాగా పంచుకుంటే దాని మీద మళ్ళీ పన్ను లేదు.

అదే కంపెనీలో, మీ ఇద్దరికీ అవే జీతాలిచ్చి, 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168 శాతం. వాటా మూలధనం మీద వడ్డీ ఇవ్వడం కుదరదు కనుక 4.44 లక్షల మీద పన్ను సుమారు 1,11,700. తేడా ఎనిమిది వేలు. ఆ మిగులు కంపెనీలోనే ఉంచితేనే ఆ ఎనిమిది వేల లాభం. డివిడెండుగా పంచుకుంటే ఎవరి చేతికొచ్చింది వారి ఆదాయంలో కలుస్తుంది, అప్పుడు మీ మిత్రుడి వాటా మీద మళ్ళీ 30 శాతం. లాభం కోట్లలోకి పోయి, దాన్ని ఏటా వ్యాపారంలోనే పెడుతుంటే కంపెనీ రేటు నిజంగా కలిసొస్తుంది. మీ స్థాయిలో పన్ను ఈ నిర్ణయాన్ని అటూ ఇటూ కదిలించదు. రెండు చిన్న విషయాలు గుర్తుంచుకోండి. భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ ఏడాదిలో 20 వేలు దాటితే 2025 ఏప్రిల్ 1 నుంచి 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను, కోయాలి. అమ్మకాల మీద ఇంత శాతం లాభమని ఒప్పుకుని లెక్కల బాధ తప్పించుకునే అంచనా పద్ధతి వ్యక్తులకు, మామూలు భాగస్వామ్యానికి ఉంది గానీ ఎల్ఎల్‌పీకి లేదు.

ఈ కారణాలన్నీ చూసుకుని మీ ముగ్గురికీ నేను చెప్పేది ఎల్ఎల్‌పీ. 2008 చట్టం దీనికి ఆధారం. సంస్థ వేరే వ్యక్తిగా నిలబడుతుంది, భాగస్వామి పోయినా అది పోదు, భాగస్వామి సంస్థకే ఏజెంటు తప్ప మిగిలిన భాగస్వాములకు కాదు. మోసం చేస్తే, లేదా సొంతంగా తప్పుడు పని చేస్తే ఆ వ్యక్తికి రక్షణ ఉండదు, అది సబబే. కనీసం ఇద్దరు డెజిగ్నేటెడ్ భాగస్వాములు కావాలి. ఫారాల సంతకాలు, వాటి ఆలస్యానికి జవాబుదారీ వారిదే. ఆ ఇద్దరూ మీరూ మీ బావమరిదీ అవ్వండి. మీ మిత్రుడు మామూలు భాగస్వామిగా ఉంటే చాలు, అదీ తన ఉద్యోగ ఒప్పందంలో బయటి వ్యాపారాల గురించి ఏం రాసి ఉందో చదువుకున్నాకే.

దీనికీ ఏటి చాకిరీ ఉంది, కంపెనీ కంటే తక్కువ. వార్షిక రిటర్ను మే 30లోగా, లెక్కల ఫారం అక్టోబరు 30లోగా వేయాలి. అమ్మకాలు 40 లక్షలు గానీ పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితేనే ఈ చట్టం కింద ఆడిట్. వ్యాపారం జరగకపోయినా ఆ రెండు ఫారాలూ తప్పవు. నాకు తెలిసిన ఒకరు ఎల్ఎల్‌పీ పెట్టి, అనుకున్న పని కుదరక, దాన్ని మరిచిపోయారు. అప్పట్లో ఒక్కొక్క ఫారానికి రోజుకు 100 రూపాయలు. రెండేళ్ళ తరువాత మూసేద్దామని వస్తే కట్టవలసింది లక్ష దాటింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఒప్పందానికి ఇవ్వండి. నెట్‌లో దొరికే నమూనాలో పేర్లు మార్చి సంతకాలు పెట్టకండి. ఒప్పందం చెప్పని చోట చట్టంలోని మొదటి షెడ్యూలు వర్తిస్తుంది; దాని ప్రకారం పెట్టుబడిలోనూ లాభనష్టాల్లోనూ అందరికీ సమాన వాటా, పని చేసినందుకు ఎవరికీ జీతం లేదు. అంటే 15 లక్షలు పెట్టినవారూ, ఏమీ పెట్టనివారూ పెట్టుబడిలో కూడా సమానమైపోతారు. లాభం సమానమని మీరనుకున్నారు, సరే. నష్టం కూడా సమానమేనా? ఈ ప్రశ్న అడిగినప్పుడు మీ ముగ్గురిలో ఎవరి మొహం ఎలా మారుతుందో చూడండి, చర్చ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. నా సలహా అయితే మీ మిత్రుడి 15 లక్షల్లో 5 మాత్రమే పెట్టుబడిగా, 10 లక్షలు సంస్థకు అప్పుగా రాయండి. అప్పుడు అతను ఆ పది లక్షల వరకు సంస్థకు అప్పిచ్చినవాడవుతాడు, వాయిదాల్లో వెనక్కి ఇవ్వవచ్చు, పెట్టుబడి వాటాల నిష్పత్తి కూడా మీ ఇద్దరి మధ్య సమానమవుతుంది.

తప్పుకునే షరతు విడిగా, స్పష్టంగా ఉండాలి. ఆరు నెలల ముందు నోటీసు, జూన్ నుంచి ఆగస్టు వరకు ఎవరూ తప్పుకోకూడదన్న నియమం, గత మార్చి 31 బ్యాలెన్స్ షీటు ప్రకారం వాటా విలువ, గోదాములోని సరుకుకు కొన్న ధరో అమ్మే ధరో ఏది తక్కువైతే అది, చెల్లింపు ఎనిమిది త్రైమాసిక వాయిదాల్లో. ఈ తరహా షరతు రాసుకున్న ఇద్దరు తోడల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూడనంతగా చెడిపోయి కూడా నా ఆఫీసులో ఒక్క మధ్యాహ్నంలో లెక్క తేల్చుకుని వెళ్ళారు. మరణిస్తే భార్యకో పిల్లలకో భాగస్వామ్యం వస్తుందా, లేక విలువ మాత్రమే చెల్లిస్తారా అన్నదీ రాయండి. మండీలో ఒక్క సంతకంతో ఎంతవరకు కొనవచ్చు, ఎంత దాటితే రెండో సంతకం కావాలి అన్నది మీ బావమరిదిని నొప్పించకుండా, కానీ తప్పకుండా రాయండి. ఒప్పందం వివరాలను సంస్థ పుట్టిన 30 రోజుల్లో ఫారం 3 ద్వారా దాఖలు చేయాలి.

షెడ్డు విషయంలో మీరు రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది: అత్తగారి స్థలాన్నే బావమరిది పెట్టుబడిగా లెక్క కడదామన్నారు. వద్దు. ఆ స్థలం ఆమెది, అతనిది కాదు. వీలునామా లేకుండా ఆమె పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుతో పాటు కూతురికీ, అంటే మీ ఇంటావిడకూ, సమాన వాటా వస్తుంది. ఆ స్థలాన్ని సంస్థలో కలిపితే రేపటి వ్యాపార తగాదా అక్కాతమ్ముళ్ళ ఆస్తి తగాదాగా మారుతుంది, సంస్థ అప్పులకు ఆ స్థలం కూడా చిక్కుతుంది. అత్తగారి నుంచి సంస్థ లీజుకు తీసుకోవాలి, అద్దె ఆమె ఖాతాలో పడాలి. అందరూ రాసుకునే పదకొండు నెలల అద్దె పత్రం ఇక్కడ చాలదు. యంత్రాలకు అప్పిచ్చే బ్యాంకు, అప్పు తీరేదాకా లీజు ఉండాలంటుంది, అటువంటి లీజు రిజిస్టరు కావాలి. ఆమెకు జీఎస్టీ నంబరు ఉండదు కనుక ఆ అద్దె మీద పన్నును రివర్స్ చార్జిగా సంస్థే కట్టి, తరువాత క్రెడిట్ తీసుకోవాలి.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. సరుకులు అమ్మేవారికి మన రాష్ట్రంలో 40 లక్షల వరకు రిజిస్ట్రేషను అక్కర్లేదన్న మాట మీకు వర్తించదు. అటు వేలూరు, ఇటు ముళబాగిలు ఇంత దగ్గర పెట్టుకుని పక్క రాష్ట్రాలకు అమ్మకుండా ఉండరు. రాష్ట్రం దాటి ఒక్క పెట్టె అమ్మినా రిజిస్ట్రేషను తప్పనిసరి, చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే కాంపొజిషను పథకానికీ వీలుండదు. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు, ఎవరైనా అడిగితే అది వారి కూలి.

తోటలున్న రైతులనే కలుపుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఉత్పత్తిదారుల కంపెనీ అనే రూపం వేరే ఉంది. పదిమంది ఉత్పత్తిదారులు కావాలి. తిరుపతి కేంద్రంగా పాల సేకరణ చేస్తున్న శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఆ రూపంలోనే నడుస్తోంది. ఇప్పుడు మీ ముగ్గురికీ అది పనికిరాదు.

పేరు గురించి కాస్త ముందుగా ఆలోచించండి. మన ప్రాంతంలో ప్రతివారికీ శ్రీ బాలాజీ, పద్మావతి, సప్తగిరి అన్న పేర్లే తోస్తాయి; ఆ పేర్లతో వేలకొద్దీ సంస్థలు ఇప్పటికే ఉన్నందున దరఖాస్తు తిరిగి వస్తుంది. సంస్థ పేరు రిజిస్టరు కావడం వేరు, సీసా మీద వేసే బ్రాండు పేరుకు ట్రేడ్‌మార్కు వేరు. రసానికి 32వ తరగతి, పచ్చళ్ళకు, గుజ్జుకు 29వ తరగతి. చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు. దరఖాస్తు ఎవరో ఒకరి పేరు మీద కాక ఎల్ఎల్‌పీ పేరు మీదే వేయండి, లేకపోతే ఆ ఒక్కరు వెళ్ళిపోయిన రోజు పేరూ వెళ్ళిపోతుంది.

పనులు ఈ వరుసలో జరగాలి: ఒప్పందం ముసాయిదా మీద ముగ్గురి అంగీకారం, డిజిటల్ సంతకాలు, పేరు, ఫిల్లిప్ అనే ఫారంలో రిజిస్ట్రేషను, ధ్రువపత్రంతో పాటే వచ్చే పాన్, టాన్, తరువాత కరెంటు ఖాతా, ఫారం 3, లీజు, జీఎస్టీ, ఆహార లైసెన్సు. సెప్టెంబరు 30 తరువాత పుట్టిన ఎల్ఎల్‌పీ తన మొదటి ఆర్థిక సంవత్సరాన్ని ఆ పై ఏడాది మార్చి దాకా పొడిగించుకోవచ్చు. అందువల్ల అక్టోబరు, జనవరి మధ్య రిజిస్టరు చేయిస్తే వార్షిక ఫారాల బాధ ఒక ఏడాది తగ్గుతుంది, లైసెన్సులన్నీ చేతికొచ్చేసరికి సీజనుకు ముందు యంత్రాలు బిగించుకునే వ్యవధీ ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం ఏ ఏడాదిది ఆ ఏడాదే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు షెడ్డు కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండి. సంస్థ చిరునామాకు రెండు నెలల లోపు నాటి బిల్లు, యజమాని అంగీకార పత్రం అడుగుతారు. మన పల్లెల్లో సగం బిల్లులు చనిపోయిన మామగారి పేరు మీదో, తాతగారి పేరు మీదో ఇంకా నడుస్తుంటాయి. మీదీ అలాగే ఉంటే విద్యుత్తు కార్యాలయంలో మీ అత్తగారి పేరుకు మార్పించడానికి ఈ వారమే దరఖాస్తు పెట్టండి. నేను చూసినంతలో మిగతా కాగితాలన్నీ సిద్ధమై కూడా ఎక్కువసార్లు ఆగిపోయింది అక్కడే.